శుక్రవారం కాగితాలు

అరిషడ్వర్గంలో మాత్సర్యాన్ని పెద్దలు చివర నిలబెట్టారు. అది అన్నిటికంటె చిన్నదని కాదు. తక్కిన ఐదూ వయసుతో పాటు అలసి కూర్చున్న తర్వాత కూడా కాళ్ళ మీద నిలబడి ఉండేది అదొక్కటే గనుక. నాంపల్లి కిషన్‌ను చూస్తే ఆ వరుస ఎంత ఆలోచించి పెట్టినదో తెలుస్తుంది. యాభై నాలుగేళ్ళు వచ్చేసరికి ఆయనకు కోపం తగ్గింది. ఆశ తగ్గింది. ప్రమోషన్ మీద మోహం కూడా పోయింది. తోటి ఉద్యోగి వరప్రసాద్ పేరు వింటే మాత్రం అన్నం ముద్ద గొంతులో ఆగేది.

కిషన్ గాలిని కొలిచే ఒక ప్రయోగశాలలో సహాయకుడు. నాంపల్లి స్టేషన్‌కు నడక దూరంలో ఉన్న ఆ పాత భవనం డాబా మీద, చిన్న కప్పు ఉన్న ఒక ఇనుప పెట్టె ఉంటుంది. అందులోని పంపు రోజంతా గాలిని పీలుస్తుంది. పీల్చిన గాలి ఒక తెల్లని ఫిల్టర్ కాగితం గుండా పోతుంది. ఉదయం తొమ్మిదికి పెట్టిన తెల్ల కాగితం మర్నాడు తొమ్మిదికి పెనం అడుగులా తయారవుతుంది. పెట్టే ముందు ఒకసారి, తీసిన తర్వాత ఒకసారి దాన్ని తూచాలి. ఆ రెండు తూకాల మధ్య తేడాయే ఆ రోజు ఊరి ఊపిరిలో తేలిన మసి. ఇరవై రెండేళ్ళుగా ఆ కాగితం పెట్టిన చెయ్యి, తీసిన చెయ్యి కిషన్‌దే.

ఆ డాబా మీద ఆయన పెట్టిన నియమాలు కొన్ని గుళ్ళలో కూడా ఉండవు. బీడీ కాల్చిన మనిషి పైకి రాకూడదు. అత్తరు పూసుకున్నవాడు రాకూడదు. దసరా నాడు ఆఫీసులో అన్ని యంత్రాలకూ పూజ జరిగినా, ఆ పెట్టె వంతు బంతిపూలు మాత్రం మెట్ల దగ్గరే ఆగిపోయేవి. వరప్రసాద్ ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఎనిమిదేళ్ళ కిందట, ఒక శుక్రవారం ఆ పెట్టె ముందు రెండు అగరొత్తులు వెలిగించాడు. కిషన్ వాటిని తీసి బకెట్టు నీళ్ళలో ముంచాడు.

“మిషన్‌కు దేవుడుండడా అన్నా?” అన్నాడు వరప్రసాద్.

“ఉంటడు. ఆయనకు పొగ పడదు.”

వరప్రసాద్ తాత యాభై ఆరులో గుంటూరు వైపు నుంచి గుమస్తాగా వచ్చి సుల్తాన్ బజార్ వెనక సందులో స్థిరపడ్డాడు. మనవడికి ఆ ఇంటి నుంచి వచ్చినవి రెండే: శుక్రవారం పూజ, ఎవరినైనా నవ్వించగల నోరు. పనిలో చెప్పుకోదగ్గ తప్పు లేదు, చెప్పుకోదగ్గ నేర్పూ లేదు. అందరూ అతన్ని ఇష్టపడేవారు. కిషన్‌ను అందరూ గౌరవించేవారు. ఈ రెంటికీ మధ్య ఎంత దూరముందో గౌరవం మాత్రమే దొరికినవాడికి బాగా తెలుస్తుంది.

ఆ డిసెంబరులో ప్రయోగశాల అధిపతి కమలకుమారి అందరినీ పిలిచి ఓడ సంగతి చెప్పింది. చలికాలంలో గాలి నేల మీద నుంచి సముద్రం వైపు వీస్తుంది. పొయ్యిల పొగ, బండ్ల పొగ, చేలలో తగలబెట్టిన మోళ్ళ పొగ, అన్నీ ఆ గాలినెక్కి నాలుగైదు రోజుల్లో వెయ్యి, రెండు వేల కిలోమీటర్లు పోతాయి. దారిలో వాన పడితే కడిగేస్తుంది, గానీ ఆ రోజుల్లో వాన పడదు. మనిషి అన్నవాడే లేని చోట మన మసి ఎంత రాలుతోందో కొలవడానికి ఒక పరిశోధన ఓడ నెల రోజులు దక్షిణంగా పోయి వస్తుంది. అందులో ఈ ప్రయోగశాలకు ఒక్క మనిషి చోటు దక్కింది.

గదిలో ఉన్నవాళ్ళంతా కిషన్ వైపు చూశారు. కమలకుమారి కూడా ఆయన వైపే చూస్తూ అంది:

“కిషన్ లేకపోతే ఇక్కడి రికార్డు తెగిపోతుంది. వరప్రసాద్ వెళ్తాడు.”

మెచ్చుకోలులో ఇంత పదునుంటుందని కిషన్‌కు అంతకు ముందు తెలియదు. బాగా దున్నే ఎద్దును అమ్మరు. అమ్మరు గనుక అది ఆ చేను దాటి చూడదు. ఆయన “సరే మేడమ్” అని ఊరుకున్నాడు. సముద్రాన్ని ఆయన తన జన్మలో ఒక్కసారి చూశాడు, అదీ రైలు కిటికీలోంచి, ఒక వంతెన మీద. అది సముద్రమో వెడల్పైన నదో ఇప్పటికీ తేల్చుకోలేదు.

ఓడ మీదికి పోవలసిన నలభై కాగితాలనూ సిద్ధం చేసింది కిషనే. అవి మంటకు కాలని గాజునార కాగితాలు; వాటిని కొలిమిలో కాల్చి శుద్ధి చేశాడు, తూచాడు, ఒక్కొక్కదాన్నీ రేకులో చుట్టి అంకె వేశాడు. ముప్పై, రోజుకొకటి చొప్పున గాలి పట్టడానికి. తక్కినవాటిలో కొన్ని బ్లాంకులు: వీటిని కూడా పెట్టెలో పెడతారు, కానీ పంపు వేయరు, వెంటనే తీసి మళ్ళీ చుట్టేస్తారు. చేతుల వల్ల, ప్రయాణం వల్ల ఎంత మురికి అంటిందో చెప్పడమే వాటి పని. తన చేతి కింద తయారైన కాగితం ముక్క కూడా సముద్రానికి పోతోందే అని ఆయనకు అనిపించింది. అనిపించినందుకు సిగ్గూ వేసింది.

జనవరి పదహారున ఓడ గోవా రేవు వదిలింది. తర్వాతి ఆదివారం కిషన్ అబిడ్స్‌కు పోయి, మూసిన దుకాణాల ముందు పేవ్‌మెంటు మీద పరిచిన పుస్తకాల్లో గంటసేపు వెతికి, అట్ట ఊడిన ఒక బడి అట్లాసు కొన్నాడు. వరప్రసాద్ పంపే మెసేజుల్లో ఓడ ఉన్న చోటు ఉండేది. రోజూ సాయంత్రం కిషన్ ఆ నీలిరంగు పేజీ మీద పెన్సిల్‌తో ఒక చుక్క పెట్టేవాడు.

ఆయన భార్య విద్యావతి వారం రోజులు చూసి, ఉండబట్టలేక అంది:

“ఓడ ఎక్కింది ప్రసాద్. కడుపుల తిప్పుతున్నది మీకు.”

“ఆఫీసు పని.”

“ఔ, ఔ. గట్లనే అనుకుందాం. మరి ఆయన బొమ్మలు పంపినప్పుడల్లా ఫోన్ బోర్లేస్తరేంది?”

ఆ ఫొటోలే కిషన్ ప్రాణం తీస్తున్నాయి. ఒక ఫొటోలో వరప్రసాద్ ఓడ ముందు భాగాన నిలబడి ఉన్నాడు. వెనక నీళ్ళు తప్ప ఏమీ లేదు. ఇంకొక ఫొటోలో కాగితం: లేత బూడిదరంగు, కనీకనిపించనంత. ఆ ఫొటో వచ్చిన రోజు ఆఫీసులో ఆరుగురు ఒకే ఫోన్ మీదికి వంగారు. పరిశోధన చేస్తున్న అమ్మాయి అనూహ్య “ఇంత దూరంలోనా” అని రెండుసార్లు అంది. అదే గదిలో, అదే బల్ల మీద, ఆ ఉదయమే కిషన్ దింపిన నాంపల్లి కాగితం తారురోడ్డులా పడుంది. దాని మీదికి ఎవరూ వంగలేదు. మసి ఒకటే. ఇంట్లో ఉంటే కసువు, ఊరు దాటిపోతే విశేషం. మనుషుల విషయంలో కూడా లోకం లెక్క ఇంతేనని కిషన్‌కు తోచింది. ఆ ఆలోచన ఆయన అసూయను తగ్గించలేదు. దానికొక సిద్ధాంతాన్ని తోడిచ్చింది. సిద్ధాంతం దొరికిన అసూయ మామూలు అసూయ కంటె ఎక్కువ కాలం బతుకుతుంది.

ఫిబ్రవరి నడిమికి వరప్రసాద్ తిరిగి వచ్చాడు, నల్లబడి, సన్నబడి, చెప్పుకోవడానికి వంద కబుర్లతో. కాగితాలను తూచడం మళ్ళీ కిషన్ వంతే. ఆ త్రాసు మీద ఇంకొకరి చెయ్యిని కమలకుమారి నమ్మదు. నాలుగు రోజుల్లో తూకాలు, పరీక్షలు పూర్తయ్యాయి. అనూహ్య తెర మీద గీత గీసి చూపించింది. ముప్పై రోజుల గీతలో నాలుగు శిఖరాలు ఉన్నాయి, ఒక్కొక్కటీ సమాన దూరంలో.

“వారానికోసారి నేల మీద నుంచి పొగ ఒక కెరటంలాగా వస్తోంది అంకుల్. వాతావరణంలో ఇలాంటి లయ ఉండొచ్చు. ఇదే నా పేపర్‌కు ప్రాణం.”

కిషన్ తేదీలు చూశాడు. పందొమ్మిది, ఇరవై ఆరు, రెండు, తొమ్మిది. ఆ ఇరవై ఆరున జెండా పండుగకు ఆఫీసులో పంచిన లడ్డూను విద్యావతి కోసం ఇంటికి తీసుకుపోతే, శుక్రవారం ఒక్కపొద్దని ఆమె ముట్టలేదు.

“గాలికి వారాలు తెలుస్తయా అమ్మా?” అన్నాడు.

అనూహ్య నవ్వింది. అదొక చమత్కారమనుకుంది.

ఆ మధ్యాహ్నం ఆయన సామాను గదిలో ఒంటరిగా కూర్చుని, ఓడ నుంచి వచ్చిన పెట్టె మూత తిప్పి చూశాడు. లోపలి అంచున, రబ్బరు పట్టీ పక్కన, ఎర్రని మరక ఉంది. వేలితో రాసి వాసన చూశాడు. కుంకుమ.

చాలా ఏళ్ళ తర్వాత కిషన్‌కు కలిగిన నిఖార్సైన సంతోషం అది. గట్టిగా పరిశీలిస్తే అందులో సత్యం దొరికిన ఆనందం ఒక పాలు, మనిషి దొరికిన ఆనందం తొమ్మిది పాళ్ళు. అయితే సత్యం సత్యమే. అసూయతో చూసిన కన్ను కూడా ఉన్నదాన్నే చూడగలదు. నిజానికి ప్రేమగా చూసిన ఆరుగురికీ అది కనబడలేదు. ఇక్కడ తేలవలసింది ఒక్కటే: ఈ మాట ఎవరు చెప్పాలి? ఆ ప్రయోగశాలలో ఒక పద్ధతి ఉంది. కాగితం చెడితే, దాన్ని పెట్టెలోంచి ఎత్తిన మనిషే రిజిస్టరులో తన చేత్తో కారణం రాసి కొట్టివేయాలి. ఇంకొకరి రాత చెల్లదు.

సోమవారం సాయంత్రం కిషన్ వరప్రసాద్‌ను మొజంజాహీ మార్కెట్‌కు తీసుకుపోయాడు. రాతి కమాన్ల ముందున్న ఐస్‌క్రీమ్ దుకాణంలో ఇద్దరికీ అంజీర్ చెప్పాడు. ఎనిమిదేళ్ళలో ఆయన ఏమైనా తినిపించడం అదే మొదటిసారి. వరప్రసాద్ అందుకు కూడా అనుమానపడలేదు.

“ప్రసాద్, ఓడల శుక్రవారం ఏం చేస్తుంటివి?”

“ఏముందన్నా, అన్ని రోజులూ ఒకటే. తినడం, కక్కడం, కాగితం మార్చడం.”

“శుక్రవారం అని అడిగిన.”

చెంచా ఆగింది.

“రెండే అగరొత్తులన్నా. ఒక కర్పూరం బిళ్ళ.”

“ఎక్కడ పెట్టినవ్?”

“పెట్టె ముందే పెట్టా. గాలికి ఆరిపోతున్నాయని కప్పు కిందికి జరిపా.”

“అంటే మిషన్ నోట్లనే పెట్టినవ్. ఓడ పొగగొట్టం వైపు నుంచి గాలొస్తే పంపు దానంతటదే బంద్ అయితది. లక్షల పెట్టి గా ఏర్పాటు చేసిన్రు. నీ అగరొత్తికి ఎవరు ఏర్పాటు చేస్తరు?”

“మొదటి వారం చచ్చిపోతాననుకున్నానన్నా. ఆ ఊగుడికి పేగులు నోట్లోకొచ్చాయి. ఎటు చూసినా నీళ్ళు. దణ్ణం పెట్టుకుందామంటే పటం తగిలించడానికి మేకు లేదు. అక్కడ మన ఊరిది ఏదైనా ఉందంటే ఆ పెట్టె ఒక్కటే. దానికే పెట్టుకున్నా.” అతను తల ఎత్తాడు. “మేడమ్‌కు చెప్తారా?”

కిషన్ లోపల ఏదో కొంచెం మెత్తబడింది. దాన్ని ఆయన గుర్తుపట్టాడు, పక్కన పెట్టాడు.

“నేనెందుకు చెప్త? ఎత్తినోడే రాయాలె. వచ్చే సోమవారం దాకా చూస్త. రాయకుంటె అప్పుడు నోరిప్పుత.”

“ఈలోగా అనూహ్య ఆ గీతలు బయటికి పంపేస్తే?”

“గది నీ ఫికర్.”

ఆ వారం రోజుల గడువు దయ కాదు. నోట్లో వేసుకున్న పటికబెల్లాన్ని కొరకకుండా దాచుకోవడం లాంటిది. కిషన్ రోజూ వరప్రసాద్ ముఖం చూసేవాడు. అతను జోకులు మానేశాడు. టిఫిన్ డబ్బా తెరవకుండానే ఇంటికి తీసుకుపోతున్నాడు. అనూహ్య పొద్దుపోయేదాకా కూర్చుని ఆ నాలుగు శిఖరాలకు కారణాలు కడుతోంది; ఆమె బల్ల పక్కనుంచి రోజుకు పదిసార్లు నడిచినా కిషన్ ఒక్క మాట అనలేదు. బుధవారం రాత్రి భోజనం దగ్గర విద్యావతి ఆయన కంచంలో రెండోసారి పప్పు వేస్తూ అడిగింది:

“ఏంది, ఆకలి గిట్ల మీదికొచ్చింది? ప్రసాద్‌కు జరమొచ్చిందా?”

సోమవారం వచ్చింది. వారపు సమావేశం మొదలు కాకముందే వరప్రసాద్ లేచి రిజిస్టరును కమలకుమారి ముందు పెట్టాడు. ఆమె కళ్ళజోడు సర్దుకుని చదివింది. నాలుగు అంకెల మీద అడ్డంగా గీతలు, పక్కన అతని చేతిరాత: అగరుబత్తి, కర్పూరం వెలిగించాను, నా తప్పు, ఈ నాలుగూ లెక్కలోకి రావు.

అనూహ్య ముఖం పాలిపోయింది. కిషన్ కుర్చీలో కొంచెం ముందుకు జరిగి, రాబోయేదాని కోసం ఎదురుచూశాడు.

కమలకుమారి రిజిస్టరు మూసింది.

“ముప్పై ఏళ్ళుగా చూస్తున్నాను. చెడిన కాగితాన్ని దాచినవాళ్ళను చూశాను, గాలి మీదికి నెట్టినవాళ్ళను చూశాను. ఎవరూ అడగకుండా తన తప్పు తానే రాసుకున్నవాణ్ణి ఇదే చూడటం. వచ్చే చలికాలం ఓడకు కూడా వరప్రసాదే వెళ్తాడు. అగరొత్తులు మాత్రం ఇక్కడ వదిలేసి వెళ్ళు.”

అందరూ నవ్వారు, ఊపిరి తిరిగినట్టు. వరప్రసాద్ ఎర్రబడ్డాడు.

“అది కాదు మేడమ్, అసలు కిషన్ అన్న...”

“కూసో ప్రసాద్” అన్నాడు కిషన్. “అయిపోయింది గద.”

ఆ మాటలో ఔదార్యం లేదు. ఆ వాక్యం పూర్తయితే తర్వాతి ప్రశ్న ఏదో ఆయనకు తెలుసు: ఎప్పుడు తెలిసింది? తెలిసి పది రోజులైంది. ఆ పది రోజులూ ఒక అమ్మాయి లేని కెరటాలకు లెక్కలు కడుతుంటే చూస్తూ తిరిగాడు. తప్పు చేసినవాడు నాలుగు కాగితాలు పోగొట్టుకుని పేరు తెచ్చుకున్నాడు. తప్పు కనిపెట్టినవాడు కనిపెట్టానని చెప్పుకునే హక్కు పోగొట్టుకున్నాడు. ఇందులో అన్యాయం ఎక్కడుందో కిషన్ వెతికాడు. దొరకలేదు. అదే మరింత మండించింది.

మూడో రోజు అనూహ్య మళ్ళీ గీత గీసింది. శిఖరాలు పోయాయి, కానీ గీత అడుగుకు దిగలేదు. మిగిలిన ఇరవై ఆరు కాగితాల్లోనూ సన్నగా, ఎడతెగకుండా, నేల మీది పొగ ఉంది. కిషన్ మనసు మూలలో ఎక్కడో ఆ నాలుగూ పోతే సముద్రం తెల్లగా తేలుతుందనీ, ఆ ప్రయాణమే దండగ అనిపించుకుంటుందనీ ఒక ఆశ ఉండేది. అదీ పోయింది.

“అంకుల్, ఇటు చూడండి. ఓడ అన్నిటికంటె దక్షిణాన ఉన్న రోజు పట్టిన గాలి ఇది. ఎక్కణ్ణుంచి వచ్చిందో వెనక్కి లెక్కకట్టాను.” ఆమె తెర మీద ఒక వంపుగీతను వేలితో వెనక్కి లాగింది: నీళ్ళు, తీరం, కనుమలు, పీఠభూమి. “ఐదు రోజుల కిందట ఇది మన ఊరి మీద ఉంది. మీ డాబా పక్కనుంచే పోయిందేమో.”

ఐదు రోజులు. ఎవరో పాన్ డబ్బా దగ్గర ఎగదోసిన బండి పొగ, ఎవరో చలి మంటలో వేసిన అట్టపెట్టె పొగ, ఐదు రోజుల్లో అక్కడిదాకా పోయింది. దానికి ఎంపిక లేదు, అర్హత లేదు, ఎవరి సెలవూ అడగలేదు. కిషన్ తన బతుకులో చాలామందిని చూసి కుళ్ళుకున్నాడు గానీ, పొగను చూసి కుళ్ళుకోవడం అదే మొదటిసారి. ఆ నీచత్వం ఆయనకే ఎంత స్పష్టంగా కనబడిందంటే, అంతకు కిందికి జారడానికి ఇంక మెట్టు లేదని తెలిసిపోయింది. లేచి తిన్నగా కమలకుమారి గదిలోకి పోయాడు.

“మేడమ్, వచ్చే ఓడకు నన్ను పంపండి.”

ఆమె రాస్తున్న కలం ఆపింది. “మీకు వెళ్ళాలని ఉందా కిషన్?”

“ఇరవై రెండేండ్ల నుంచి.”

“ఎప్పుడూ అడగలేదే.”

అడగకుండా ఇవ్వాలనే గదా గౌరవం కోరుకునేది.

“ఇక్కడి రికార్డు?” అంది ఆమె.

“తెగితె తెగనీ.” తన నోటి నుంచి ఆ మాట వచ్చినందుకు ఆయన చెవులే నమ్మలేదు.

“తెగనివ్వను” అంది కమలకుమారి. “ఒక పని చేయండి. వరప్రసాద్‌కు మీ పని నేర్పండి. నవంబరు నాటికి అతని చేతి బ్లాంకు మీ చేతి బ్లాంకంత శుభ్రంగా తూగితే, మీరు ఓడ ఎక్కండి, అతను డాబా చూసుకుంటాడు. తూగకపోతే మీరు ఇక్కడే.”

బయటికి వచ్చి మెట్లు ఎక్కుతుంటే ఆ షరతు బరువు ఒక్కొక్క మెట్టుకూ తెలిసింది. ఆ ఊళ్ళో తనకంటూ ఉన్నది ఆ చేతి నేర్పు ఒక్కటే. దాన్ని, మొత్తంగా, ఏమీ దాచుకోకుండా, ఏ మనిషిని చూస్తే అన్నం దిగదో ఆ మనిషికి ఇవ్వాలి. సగం ఇస్తే తనే ఆగిపోతాడు.

మర్నాడు తొమ్మిదికి ఇద్దరూ పెట్టె ముందు నిలబడ్డారు. కింద రోడ్డు మీద బస్సులు, ఆటోలు కలిసి ఒకే హారన్‌లా మోగుతున్నాయి. వరప్రసాద్ పట్టకారుతో కాగితం అంచు పట్టుకున్నాడు. అంచు నలగలేదు. కిషన్ చూస్తూ నిలబడ్డాడు. తను చెప్పకపోతే అతనికి ఎప్పటికీ తెలియని సంగతి ఒకటుంది. ఇరవై రెండేళ్ళలో ఎవరూ కనిపెట్టలేదు, ఎవరూ అడగలేదు.

“ఆగు” అన్నాడు చివరికి. “కాగితం ఎత్తేటప్పుడు ఊపిరి పీల్చకు, ఇడువకు. తొమ్మిది దాకా లెక్కపెట్టు. మన నోటి తడి గూడ తూకంల పడతది.”

“తొమ్మిదే ఎందుకన్నా?”

“నాకు గంత పడతది. నీకెంత పడితె గంత.”

వరప్రసాద్ ఊపిరి బిగబట్టాడు. కాగితం గాలిలో తేలినట్టు పైకి లేచి, రేకులో చప్పుడు లేకుండా పడుకుంది. అతనికి ఏడు చాలింది.

కిషన్ రిజిస్టరు అందించి, అతను సంతకం పెడుతుంటే ముఖం అటు తిప్పుకున్నాడు.